ఇంటర్వ్యూ అయిన పిమ్మట



మా ప్రాంతమున సాయంకాలపు బస్సు ఊరి ముంగిట ఆగినప్పుడు, దిగువారి తీరునుబట్టి వారు ఏ పనిమీద పోయి వచ్చినారో చెప్పవచ్చును. ఆస్పత్రికి పోయి వచ్చినవారు మెల్లగా దిగుదురు. కోర్టుకు పోయి వచ్చినవారు ఎవరితోను మాటలాడక దిగుదురు. కువైటు ఇంటర్వ్యూకు పోయి వచ్చినవారు మాత్రము బస్సు పూర్తిగా ఆగకమునుపే దిగుదురు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా వీధిలోని ఒక గృహిణి అట్లే దిగినది. "అయివారూ, అయిపోయింది. నన్ను తీసుకున్నారు" అని మా అరుగు ముందరనే నిలిచి చెప్పినది. ఆ రాత్రికే ఆమె మామగారు గొర్రెలకు బేరము కుదుర్చుకొన్నారు. మరునాడు వడ్డీ వ్యాపారికి కబురు పోయినది. అప్పటికి ఆమె చేతిలోనున్నది ఆమె పేరు, ఒక ఫోను నంబరు వ్రాసిన చీటి మాత్రమే.

నేను బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. పాత కడప జిల్లాలో రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి ప్రాంతముల పల్లెలలో విదేశమున ఒక మనిషియైన లేని వీధి అరుదు. అందువలన పాస్‌పోర్టు దరఖాస్తు మొదలుకొని అరబ్బీ ముద్రల కాగితము వరకు అన్నియు మా అరుగుమీదికే వచ్చును. అరబ్బీ నాకు రాదు. కాని ఏ కాగితము ఎవరు చదువగలరో, ఏ కాగితమునకు ఎంత విలువయో ఇన్నాళ్ళలో కొంత తెలిసినది. ఇంటర్వ్యూకు ఎట్లు పోవలెనో చెప్పువారు వీధికి పదిమంది ఉన్నారు. అది ముగిసిన పిమ్మట ఏమి జరుగునో చెప్పువారు లేరు. నేటి ప్రసంగము ఆ మిగిలిన భాగమును గురించి.

మొట్టమొదట తెలిసికొనవలసినది, ఇంటర్వ్యూ అనునది ఒక్కటి కాదు. పనికి పిలుచువాడో, వాని ఏజెంటో కూర్చుండి అడుగునది మొదటిది. "వంట వచ్చునా? పిల్లలను చూచుకొందువా? ఇదివరకు అరబ్బు దేశమునకు పోయితివా?" అని అడిగి పేరు వ్రాసికొందురు. మన ప్రభుత్వము, ఈ మనిషి తెలిసి పోవుచున్నదా, మోసపోయి పోవుచున్నదా అని విచారించునది రెండవది. విమానాశ్రయమున గాజు బల్ల వెనుకనున్న అధికారి పాస్‌పోర్టు త్రిప్పుచు అడుగునది మూడవది. మొదటిదానిలో నెగ్గినవారు మూడును నెగ్గితిమని తలచి గొర్రెలమ్ముదురు. మా ప్రాంతపు కష్టములు చాలవరకు ఈ ఒక్క పొరపాటునుండియే పుట్టినవి.

ఈ రెండవ విచారణకు పెద్ద చరిత్ర కలదు. 1860వ సంవత్సరమున ట్రూరో అను ఓడ మద్రాసు రేవునుండి మనవారిని నేటాలు చెరకుతోటలకు కొనిపోయినది. ఒప్పందపు కూలీల కాలమది. ఆనాడును కూలీని ఒక అధికారి యెదుట నిలిపి, ఇష్టపడియే పోవుచున్నావా అని అడుగవలెనని చట్టముండెను. అడిగినారు కూడ. ఔననుమని తెచ్చినవాడు ముందే నేర్పియుంచినందున ఔనని చెప్పినారు. 1917లో ఆ పద్ధతి నిలిచినది. 1922లో ఒక వలస చట్టము, దాని స్థానమున 1983లో నేటి చట్టము వచ్చినవి. చట్టములు మారినవి కాని, నేర్పి పంపు మనిషి మాత్రము మారలేదు.

ఇక వరుసగా చెప్పెదను.

ఇంటర్వ్యూ ముగిసిన వెంటనే ఏజెంటు రెండు వస్తువులు అడుగును. ఒకటి పాస్‌పోర్టు, రెండవది రొక్కము. పాస్‌పోర్టు వీసా పనికి అవసరమే. ఇచ్చినచో రసీదు తీసికొనవలెను, అన్ని పుటల నకలు ఇంటిలో ఉంచుకొనవలెను. "నీ పాస్‌పోర్టు మా యొద్దనే ఉండును, మనసు మారినచో ఏబది వేలు కట్టి తీసికొనిపొమ్ము" అను మాట ఏ చట్టమునను లేదు. పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు సొత్తు. దానిని తాకట్టు పెట్టుకొను హక్కు ఎవరికిని లేదు.

రొక్కము సంగతి. ప్రభుత్వముచే నమోదైన ఏజెంటు తన సేవకుగాను 30,000 రూపాయలు, దానిపై పన్ను, అంతకుమించి తీసికొనరాదు. దానికి రసీదు ఇవ్వవలెను. ఇంటిపనికి పోవు స్త్రీల విషయమున కువైటు దేశపు చట్టమే మరియొక అడుగు ముందుకు వేసినది. పనిమనిషిని రప్పించు ఖర్చు యజమానిది. ఆమెనుండి రుసుము రాబట్టరాదు. ఈ సంగతి చెప్పినప్పుడు మా అరుగుమీద కూర్చున్నవారు నవ్వుదురు. లక్ష, లక్షన్నర ఇచ్చి పోయినవారు వారిలోనే ఉన్నారు గదా! నవ్వనిండు. తాను ఇచ్చినది రుసుము కాదు, లంచము వంటిదని తెలిసినవాడు రెండవసారి ఇచ్చుటకు ముందు ఒక్క క్షణము ఆలోచించును.

తరువాత వైద్య పరీక్ష. గల్ఫు దేశములవారు గుర్తించిన కేంద్రములలోనే అది జరుగవలెను. మనవారు హైదరాబాదుకో, చెన్నైకో పోవుదురు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు చూతురు. రక్తములో కామెర్లకు సంబంధించిన హెపటైటిస్, హెచ్.ఐ.వి. మున్నగునవి చూతురు. స్త్రీలకు గర్భ పరీక్ష కూడ కలదు. ఎప్పుడో చిన్ననాట క్షయ వచ్చి పూర్తిగా నయమైనను, ఊపిరితిత్తిపై మిగిలిన మచ్చ కనబడినచో "అన్‌ఫిట్" అని వ్రాయుదురు. ఆ మాట చూచి ఇంటివారు కుమిలిపోవుట, ఊరివారు గుసగుసలాడుట నేను చూచితిని. అది ఆ దేశపు నిబంధన ప్రకారము పనికిరారనుటయే. చావు చీటి కాదు. నేరుగా ప్రభుత్వ ఆస్పత్రికి పోయి, నిజముగా జబ్బు ఉన్నదా లేదా చూపించుకొనవలెను. మందులు అక్కడ ఉచితము. "మరియొక చోట ఫిట్ అని వ్రాయించెదను, ఇరువది వేలు ఇమ్ము" అనువాడు కూడ తప్పక వచ్చును. ఆ కాగితముతో విమానమెక్కవచ్చునేమో గాని, అక్కడ దిగిన తరువాత ఇదే పరీక్ష మరల చేయుదురని అతడు చెప్పడు. అక్కడ తప్పినచో తిరుగు విమానమే. అప్పు మాత్రము తిరిగి పోదు.

వైద్య పరీక్షతోపాటు పోలీసువారి క్లియరెన్సు పత్రము కూడ కావలెను. దానికి పాస్‌పోర్టు కార్యాలయము ద్వారా దరఖాస్తు చేయవలెను. ఇందులో చెప్పవలసినది ఎక్కువ లేదు. ఓపిక ఉండవలెను, అంతియే.

అటు పిమ్మట వీసా కాగితము వచ్చును. ఇచ్చట కొంచెము నిలువవలెను. మావారు వీసా వచ్చినదనగానే టెంకాయ కొట్టుదురు. ఏ వీసా వచ్చినదో చూడరు. కువైటునందు సంస్థలలో, దుకాణములలో పనిచేయువారికి 18వ సంఖ్య వీసా. ఇంటిపనివారికి, ఇంటి డ్రైవర్లకు 20వ సంఖ్య వీసా. దీనినే మనవారు ఖద్దామా వీసా అందురు. 20వ సంఖ్యపై పోయినవారు ఆ ఇంటికే కట్టుబడియుందురు. బయట దుకాణములో పని చేయుట నేరము. ఆజాద్ వీసా యని మా వైపు అమ్ముచుందురు. పేరునకు ఒక యజమాని యుండును, పని ఎక్కడనైన చేసికొనవచ్చునని చెప్పుదురు. అరబ్బీలో ఆజాద్ వీసా అను వీసా లేదు. పట్టుబడిన దినమున ఆ యజమాని తనకేమియు తెలియదనును.

ఇక సందర్శక వీసా సంగతి. దానిపై పనిచేయు హక్కు ఎవరికిని లేదు. అరబ్బీ చదువగలవారు రాయచోటిలో, కడపలో మదరసాల యొద్ద, మసీదుల యొద్ద ఉన్నారు. వినయముగా అడిగినచో చదివి చెప్పుదురు. వీసా సంఖ్య, యజమాని పేరు, పని పేరు, పాస్‌పోర్టు సంఖ్య, మీ పేరులోని ప్రతి అక్షరము చూపించుకొనవలెను. మనకు ఇంటిపేరు ముందు వచ్చును; పాస్‌పోర్టులో అది వేరు గడిలో ఉండును. కొందరి పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీగా ఉండి ఒక్క పేరే ఉండును. 2022 నవంబరునుండి దుబాయి మొదలైన ఎమిరేట్లవారు సందర్శక వీసాపై అట్టి ఒంటి పేరువారిని రానీయమన్నారు. పేరు దిద్దించుకొనుటకు ఇంటర్వ్యూకు ముందరి కాలమే మంచిది.

10వ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టుపై వలస అనుమతి కావలెనని గుర్తుండును. వారు కువైటు, సౌదీ, కటారు వంటి దేశములకు పనికి పోవుటకు వలసదారుల సంరక్షకాధికారి అనుమతి కావలెను. ఈ అనుమతి ఇ-మైగ్రేట్ అను ప్రభుత్వ కంప్యూటరు పద్ధతి ద్వారా నడచును. యజమాని ఎవరు, జీతమెంత, ఏజెంటు నమోదైనవాడా కాదా అన్నియు అందులో నమోదగును. 30 ఏండ్లు నిండని స్త్రీని ఇంటిపనికి పంపుటకు అనుమతి లేదు. 2016లో చేసిన నిబంధన ప్రకారము అట్టి స్త్రీలను ప్రైవేటు ఏజెంట్లు కాక ప్రభుత్వ సంస్థలే పంపవలెను. మన రాష్ట్రమున అట్టిది ఓంక్యాప్ అను సంస్థ. అనుమతికి ముందు ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తీసికొనవలెను. రెండు సంవత్సరములకు 275 రూపాయలు, మూడు సంవత్సరములకు 375. ప్రమాదమున మరణించినను, శాశ్వతముగా అంగవైకల్యము కలిగినను 10 లక్షల రూపాయలు వచ్చును. ఏజెంటుకు లక్ష ఇచ్చినవారు ఈ 275 రూపాయల కాగితము అడుగక పోవుట నాకెన్నడును అర్థము కాలేదు.

ఈ అనుమతి కష్టమని, ఆలస్యమని, ఏజెంటు ఒక అడ్డదారి చూపును. "నీకు సందర్శక వీసా తెచ్చితిని. విమానాశ్రయమున అడిగినచో మా అక్కను చూడబోవుచున్నానని చెప్పుము. తిరుగు టికెట్టు చూపుము. అక్కడ దిగినాక అంతయు మార్చెదము." ముప్పది నిండనివారికి పాస్‌పోర్టులో వయస్సు పెంచి వ్రాయించుటయు కలదు. ఇంటర్వ్యూ తరువాత జరుగు పనులన్నిటిలో ఇంతకంటె అపాయకరమైనది లేదు. ఆ అధికారి పట్టుకొనినచో వెనుకకు పంపును, అది అదృష్టము. పట్టుకొననిచోనే అసలు కష్టము. అక్కను చూడబోయిన మనిషికి పని ఒప్పందముండదు. ఒప్పందము లేని మనిషికి జీతము ఇంత అని అడుగు ఆధారముండదు. యజమానురాలు కొట్టినదని ఆమె రాయబార కార్యాలయపు గడప తొక్కినను, మొదట తేలునది ఆమె చెప్పిన అబద్ధమే. అబద్ధము ఏజెంటు నేర్పినది, లాభము అతనిది, శిక్ష ఆమెది. ఆ బల్ల ముందర నిజము చెప్పుటకు వీలుకాని కాగితముతో పోవుటకంటె మానుటయే మేలని నేను మా వీధిలో చాలమందికి చెప్పి చెడ్డవాడనైతిని.

సక్రమముగా పోయినవారికి ఉన్న హక్కులేమి? కువైటులో 2015వ సంవత్సరపు 68వ చట్టము ఇంటిపనివారికొరకే చేయబడినది. దినమునకు పని 12 గంటలు మించరాదు. వారమునకొక దినము సెలవు. సంవత్సరమునకు 30 దినముల జీతపు సెలవు. పని వదలునప్పుడు ఏటికొక నెల జీతము. కనీస వేతనము 60 దీనారులని 2016లో నిర్ణయించినారు. పాస్‌పోర్టును యజమాని దాచుకొనరాదు. 2021 జూన్‌లో మన దేశమునకు, కువైటుకు ఇంటిపనివారిని గురించి ఒక ఒప్పందము కూడ జరిగినది. ఇవన్నియు ప్రతి ఇంటిలోను అమలగుచున్నవని నేను చెప్పను. మూసిన తలుపు వెనుక గడియారము చూచు అధికారి ఎవరును ఉండరు. ఐనను, కొట్లాట వచ్చిననాడు "పన్నెండు గంటలు" అను మాట తెలిసిన మనిషికి, తెలియని మనిషికి చాల భేదము కలదు.

దిగిన తరువాత కొన్ని వారములు మరల వేచియుండవలెను. వ్రేలిముద్రలు, వైద్య పరీక్ష, నివాసానుమతి, అటు పిమ్మట పౌర గుర్తింపు కార్డు. నివాసానుమతిని అకామా అనియు, కార్డును బతాకా అనియు మనవారు అందురు. బతాకా చేతికి వచ్చువరకు ఆ దేశమున మనిషి సగమే ఉన్నట్లు లెక్క. ఆ నాళ్ళలో ఫోను రాలేదని ఇంటివారు బెంగపడుదురు. కొందరు యజమానులు మొదటి నెలలో ఫోను ఇవ్వరు. కావున బయలుదేరుటకు ముందే ఒప్పందపు నకలు, వీసా నకలు, యజమాని ఫోను, చిరునామా ఇంటిలో ఒకరి చేతిలో పెట్టి పోవలెను. కష్టము వచ్చినచో ఇంటివారు ఇక్కడనుండియే మదద్ అను విదేశాంగ శాఖ వేదికలో ఫిర్యాదు వ్రాయవచ్చును. అది 2015నుండి ఉన్నది. కాని యజమాని పేరు, పాస్‌పోర్టు సంఖ్య లేని ఫిర్యాదు దారము లేని గాలిపటము వంటిది. కువైటులోని మన రాయబార కార్యాలయమున ఇల్లు వదలి వచ్చిన స్త్రీలకు తలదాచుకొను చోటు కూడ కలదు.

పల్లెలనుండి పట్టణములకు వచ్చెదము. ప్రొద్దుటూరు, నంద్యాల, కర్నూలు వంటి చోట్ల ఇంటర్వ్యూ అనగా హైదరాబాదులోని అమెరికా కాన్సులేటు. 2008లో బేగంపేట పైగా ప్యాలెసులో మొదలై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారినది. అక్కడ మాటలు రెండు మూడు నిమిషములలో ముగియును. పాస్‌పోర్టు వారే ఉంచుకొన్నచో సాధారణముగా అది శుభసూచన. ముద్ర వేసి తిరిగి ఇత్తురు. 214(బి) అని వ్రాసిన కాగితము ఇచ్చినచో నిరాకరించినారని అర్థము. దానిపై అప్పీలు లేదు. పరిస్థితి మారినప్పుడు మరల దరఖాస్తు చేయవచ్చును. 221(జి) అను కాగితము ఇచ్చినచో ఇంకను కొన్ని పత్రములు కావలెననియో, విచారణ మిగిలియున్నదనియో అర్థము. అది వారములు పట్టవచ్చును, నెలలు పట్టవచ్చును. ఆ కాలమున ఏ మధ్యవర్తియు దానిని త్వరపెట్టలేడు. వీసా పడిన విద్యార్థియైనను చదువు మొదలగుటకు 30 దినములకంటె ముందు అక్కడ దిగరాదు. దిగినచోట అధికారి మరల అడుగును. లోనికి రానిచ్చుట అతని నిర్ణయము. పిల్లల యొద్దకు స్థిరనివాసమునకు పోవు తల్లిదండ్రుల ఇంటర్వ్యూ ముంబయిలో జరుగును. ఆ వీసా సాధారణముగా ఆరు నెలలకు మించి చెల్లదు; వైద్య పరీక్ష గడువుతో ముడిపడియుండును. ఇల్లు, పొలము అన్నియు అమ్మి పిమ్మట నిదానముగా పోవుదమనుకొన్నవారు ఆ తేదీ చూచుకొనవలెను.

మరల మా వీధికే వచ్చెదను. ఇది కరువు సీమ. 1876లో మొదలైన ధాత కరువు కథలు మా తాతలు చెప్పగా వింటిమి. వాన తప్పినచో కర్నూలు పడమటి వైపు ఆదోని, కోసిగి పల్లెలవారు సుగ్గికని గుంటూరు మిరపచేలకు మూటముల్లెలతో తరలుదురు. కడప తూర్పువైపువారు విమానమెక్కుదురు. కావున పోవద్దని చెప్పుటకు నాకు నోరు రాదు. నేను చెప్పునది నడుమనున్న కాలమును గురించి. ఇంటర్వ్యూకు, ప్రయాణమునకు నడుమ మూడు నెలలు, ఆరు నెలలు గడచును. అప్పుడు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ము ఊరకయే తినుచుండును. పశువులు లేని కొట్టము, పని వదలిన మనిషి, బడి మానిపించిన ఆడపిల్ల. తల్లి పోవునని ఆడపిల్లను ముందుగానే వంటకు నిలుపుట నేను బడిలో చాలసార్లు చూచితిని. వీసా రానేలేదు, పిల్ల చదువు పోయినది.

ఆ గొర్రెల బేరము ఏమైనదని మీరు అడుగవచ్చును. ఉదయము నేను పోయి ఆమె మామగారితో, "పెద్దాయనా, ఈ చీటిలో వీసా యెక్కడున్నదో నాకు చూపుము" అంటిని. ఆయన చీటిని అటునిటు త్రిప్పి చూచినారు. "అయివారూ, బయానా తీసుకుంటినే" అన్నారు. బయానా తిరిగి ఇచ్చుటకు ఒక దినమెల్ల వాదులాడవలసివచ్చినది. రెండు గొర్రెలు పోయినవి, తక్కినవి నిలిచినవి. ఆ చీటి ఇచ్చినవాని ఫోను రెండు నెలలకే మూగపోయినది. ఆమె మరుసటి ఏడు సక్రమమైన దారిలో పోయినది. ఈసారి బస్సు దిగి వచ్చి, చేతి సంచిలోనుండి ఒక్కొక్క కాగితమే తీసి అరుగుమీద పరచి, "చూడండి అయివారూ, ఏదన్నా తక్కువుందా?" అని అడిగినది. నమోదైన బీమా కాగితము మాత్రము తక్కువైనది, మరునాడే తెచ్చుకొన్నది.

పోయిన ఏడు వారములకు ఫోను చేసినది. పిల్లల క్షేమము అడుగుటకు ముందే బతాకా వచ్చినదని చెప్పి, అంకెలు ఒక్కొక్కటిగా పలికినది. వారి ఇంట కాగితము చిక్కక, ఏడవ తరగతి చదువుచున్న పెద్దకూతురు ఆ అంకెలను పొయ్యి పక్క గోడపై బొగ్గుతో వ్రాసినది. ఇల్లు సున్నము వేసినప్పుడు కూడ ఆ జానెడు చోటు వదలిపెట్టినారు.

సెలవు.